ఎదురు చేతి అల్లిక

గురువారం మధ్యాహ్నం గిన్నెలు కడిగి బోర్లించాక అరుంధతి ఊలు సంచీ భుజాన వేసుకుని చిక్కడపల్లిలో ఇంటికి తాళం పెడుతుంది. ఆ సంచీని చూస్తే ఆమె భర్త బాలకిషన్‌కు నవ్వు. హైదరాబాదులో చలి ఎన్ని వారాలు, నువ్వు ఒక స్వెట్టరు అల్లేది ఎన్ని నెలలు అని అడుగుతుంటాడు. అడగడంలో తప్పేమీ లేదు. అరుంధతి ఆఖరి ముడి వేసే వేళకు వీధిలోకి పుచ్చకాయల బండ్లు వచ్చేస్తాయి. బీరువా కింది అరలో అయిదు స్వెట్టర్లు కలరా ఉండల మధ్య ఏళ్ళ తరబడి నిద్రపోతున్నాయి. చలికి కావలసినవాళ్ళు కోఠికి పోయి ఫుట్‌పాత్ మీద నేపాలీలు పరిచి అమ్మేవి కొనుక్కుంటారు, పని తీరిపోతుంది. అరుంధతి చలి కోసం అల్లదు. మరెందుకని ఆమెను నిలబెట్టి అడిగినవాళ్ళు లేరు. అడిగినా ఆమె దగ్గర జవాబు లేదు.

అశోక్ నగర్‌లో అన్నపూర్ణ టీచరు ఇంటికి పావుగంట నడక. సర్కారు ఉద్యోగాల పరీక్షలకు చదివే పిల్లలు టీ కొట్ల ముందు ఒక చేత గ్లాసు, ఒక చేత పుస్తకం పట్టుకుని దారికి అడ్డంగా నిలబడి ఉంటారు. వాళ్ళను తప్పించుకుని సందులోకి తిరిగితే మూడో గేటు టీచరుది. నారాయణగూడలో ఒక ఆడపిల్లల బడిలో ముప్ఫై రెండేళ్ళు పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. ఆమె బడిని వదిలింది గాని బడి ఆమెను వదల్లేదు. భర్త పోయాక ఒక్కతే ఉంటుంది. మూడు గంటలకు అల్లిక మొదలు అంటే మూడు గంటలకే వరండాలో చాప పడుతుంది. అరుంధతి కాక ఇంకో ఇద్దరు వస్తారు. ఒకరు బ్యాంకు క్యాషియరు భార్య శ్రీలక్ష్మి, నవ్వకుండా నాలుగు కుట్లు వెయ్యలేదు. రెండోది అనిత, హాస్టల్లో ఉండి గ్రూప్స్‌కు చదువుతున్న పిల్ల. చదివి చదివి తల వేడెక్కినప్పుడు సూదులు పట్టుకుంటే చల్లబడుతుందట.

టీచరు దగ్గర నియమాలు బడిలో ఉన్నన్నీ ఉన్నాయి. ఊలు కొంటే మొత్తం ఒకేసారి, ఒకే లాటు నంబరు చూసి కొనాలి. నెల తర్వాత పోతే అదే దుకాణంలో అదే రంగు ఇంకో రంగై కూర్చుంటుంది. ఉండ చుట్టేటప్పుడు నాలుగు వేళ్ళ మీదుగా వదులుగా చుట్టాలి, బిగిస్తే ఊలు సాగి చచ్చిపోతుంది. చెమట చేతులకు పౌడరు రాసుకోవాలి. ముందు అరచేతి వెడల్పు ముక్క అల్లి, కొలిచి చూసుకుని, అప్పుడు అసలు పని మొదలుపెట్టాలి. వరుస చివరికంటా వచ్చాకే సూదులు కింద పెట్టాలి, ఇల్లు అంటుకున్నా సరే. అన్నిటికంటే పెద్ద నియమం ఒకటుంది. ఒకరి అల్లికలో ఇంకొకరు చెయ్యి పెట్టకూడదు. ఏ చేతి బిగువు ఆ చేతిది, రెండు చేతులు పడ్డ గుడ్డ ఎక్కడో ఒక చోట పట్టిస్తుంది అనేది టీచరు. శ్రీలక్ష్మి ఆ మాటకు కూడా నవ్వేది.

చాప మీద నలుగురు. మెట్ల మీద అయిదో మనిషి, బాలనాగమ్మ. పక్క ప్లాటులో మూడంతస్తుల అపార్ట్‌మెంటు లేస్తోంది. దాని వాచ్‌మన్ దాసయ్య ఆమె భర్త. మహబూబ్‌నగర్ దిక్కు నుంచి వచ్చి ఇటుకల వెనక రేకుల షెడ్డులో ఉంటున్నారు. కట్టిన గోడలకూ పోసిన స్లాబుకూ రెండు పూటలా నీళ్ళు కొట్టడం బాలనాగమ్మ పని. ఆ వీధిలో తాగేనీళ్ళ నల్లా మధ్యాహ్నం వస్తుంది. టీచరు గేటు పక్కనున్న నల్లా కింద బిందె పెట్టి, అది నిండేదాకా వరండా మెట్ల మీద, అల్లేవాళ్ళకు ఎదురుగా కూర్చునేది. మొదట్లో బిందె నిండగానే లేచేది. రానురాను బిందె నిండి పొర్లుతున్నా లేవడం మానేసింది. దసరా దాటాక ఒకనాడు చివరలు సానబట్టిన రెండు సైకిలు చక్రం పుల్లలూ, వాటిమీద సుతిలి తాడుతో అల్లిన బెత్తెడు ముక్కా తెచ్చి అరుంధతి ఒళ్ళో పెట్టింది. ఎవరూ నేర్పలేదు, ఆమె అడగనూ లేదు. అరుంధతి ఆ ముక్కను అటూ ఇటూ తిప్పి చూసి, సంచీలో మిగిలిపోయిన ఎర్ర ఊలు ఉండ ఒకటి తీసి ఇచ్చింది. అప్పటినుంచి బాలనాగమ్మ ఆమెను అక్కా అని పిలుస్తుంది. అరుంధతికి తోబుట్టువులు లేరు. ఆ పిలుపు వింటే ఆమెకు బాగుండేది, బాగుందని తనలో తాను ఒప్పుకునేది కూడా.

ఆ ఒక్క ఉండనే బాలనాగమ్మ అల్లుతుంది. ఉండ అయిపోతే ముక్కను మోకాలి మీద పరిచి, అరచేత్తో నిమిరి, కాసేపు చూసుకుని, మొత్తం సర్రున విప్పేస్తుంది. నాలుగు వేళ్ళ మీదుగా వదులుగా చుట్టుకుని మళ్ళీ మొదటి నుంచి మొదలు. టీచరుకు ఇది మింగుడుపడలేదు. పిల్లల టోపీలు అల్లడం నేర్చుకో, అమ్మిస్తాను అని చెప్పి చూసింది. ఆఁ అంది బాలనాగమ్మ, అని విప్పింది. ఇంతకూ ఎవరి కోసం అల్లుతున్నట్టు అని టీచరు అడిగితే, ఎవలికి గాదు టీచరమ్మా, చేతులకు మంచిగుంటది అని చెప్పింది. అరుంధతి చేతుల్లో సూదులు ఒక్క క్షణం ఆగాయి. బాలకిషన్‌కు ఇన్నేళ్ళుగా చెప్పలేకపోయిన జవాబు అది.

డిసెంబరు మొదటి గురువారం పక్క ప్లాటులోకి ఇసుక లారీ వచ్చి హారన్ కొట్టింది. బాలనాగమ్మ తన అల్లికను అరుంధతి చేతిలో పెట్టి, జర పట్టుకో అక్కా అని పరుగెత్తింది. టీచరు మొహం కిందికి వంచుకుని తన బూడిదరంగు స్వెట్టరులో జడలా మెలి తిరిగే అల్లికకు కుట్లు లెక్కపెట్టుకుంటోంది. అరుంధతి చెయ్యి ఊరుకోలేదు. సైకిలు పుల్లలు ఎలా ఉంటాయో చూద్దామని ఎర్ర ముక్క మీద ఒక వరుస అల్లేసింది. సగానికి వచ్చేసరికి ఏదో తేడాగా తోచింది. ఆమె వేసిన ప్రతి కుట్టు కిందా పాత కుట్టు మెలిపడి ముడుచుకుంటోంది.

బాలనాగమ్మ తిరిగొచ్చి చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. అరుంధతి గొంతు తగ్గించి, ఏదీ నువ్వు అల్లు చూద్దాం అంది. చూస్తే, అందరూ ఎడమ సూది నుంచి కుడి సూదికి కుట్లు దించుకుంటే ఈమె కుడి నుంచి ఎడమకు దించుకుంటోంది. ఊలు పట్టేది ఎడమ చేత్తో. ఉచ్చు తిప్పేది కూడా ఎదురు తిప్పు.

“నేను మీకు ఎదురుంగ కూసుంటగద అక్కా. ఎట్ల అగుపడితె అట్లనే నేర్చిన” అంది బాలనాగమ్మ.

అద్దంలో చూసి నేర్చినట్టు నేర్చిందన్నమాట. ఆమె అల్లిన దానిమీద వీళ్ళలో ఎవరు అల్లినా, వీళ్ళ దానిమీద ఆమె అల్లినా కుట్లు మెలిపడక తప్పదు. అరుంధతికి ఆ సంగతి టీచరుకు చెప్పాలని నోటిదాకా వచ్చింది. చెబితే ఇంకొకరి అల్లికలో చెయ్యి పెట్టినట్టు ఒప్పుకోవాలి. నలభై ఏడేళ్ళ మనిషి, క్లాసులో చింతపండు తిన్న పిల్లలా ఆ ఎర్ర వరుసను కొంగు చాటున విప్పేసింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోకుండా నవ్వుకున్నారు.

తర్వాతి మంగళవారం ముసురు పట్టింది. గురువారానికి ఆకాశం తేటపడ్డా, చాప కింద గచ్చు చల్లగానే ఉంది. టీచరు కళ్ళద్దాలు తుడుచుకుంటూ వచ్చి, స్వెట్టరు వీపు భాగాన్ని మధ్యలో పరిచింది. వేలితో కుడివైపు జడ చూపించింది, తర్వాత ఎడమవైపు జడ చూపించింది. రెండు జడలూ ఒకే ఎత్తులో మెలి తిరగాలి. మొన్నటిదాకా తిరిగాయి కూడా. ఇప్పుడు కుడి జడ రెండు వరుసలు పైకి పోయి ఒంటరిగా మెలి తిరిగింది. సరిగ్గా నడుమ ఒక చిన్న చిల్లు. కుడివైపు గుడ్డ కాస్త ఎత్తుగా, ఎడమవైపు పల్లంగా ఉంది.

శ్రీలక్ష్మి అయ్యో అంది. ఆదివారం అల్లిన దాంట్లో ఇది లేదు అంది టీచరు. మంగళవారం వాన పడుతున్నప్పుడు సంచీ వరండాలో మరిచిపోయిందట. లోపల్నుంచి వచ్చి చూస్తే బాలనాగమ్మ సంచీ చేతిలో పట్టుకుని నిలబడి ఉందట. ఇదంతా చెబుతున్నంతసేపూ టీచరు మెట్ల వైపు చూడలేదు. చెప్పడం అయిపోయాక చూసింది.

“అల్లినవా దీంట్ల?”

“లేదు టీచరమ్మా. వానకు నానుతదని లోపట కిటికీల పెడదామని పట్టుకున్న.”

“మరి ఇది ఎట్లయింది?”

“నాకేమెరుక.”

టీచరు గొంతు పెంచలేదు. ముప్ఫై రెండేళ్ళు క్లాసు పట్టిన గొంతుకు పెంచవలసిన అవసరం లేదు. చెయ్యి పెట్టినందుకు నాకు కోపం లేదు, చూసి చూసి ఆశ పుట్టి ఉంటుంది, కాని నా ముందర కూర్చుని అబద్ధం చెబితే మాత్రం నేను ఓర్చుకోలేను అని, రేపటినుంచి గేటు లోపలికి రావద్దంది. గేటు లోపలే నల్లా ఉంది. ఆ మాట ఎవరూ గుర్తు చెయ్యలేదు. అనిత పుస్తకంలో మొహం దాచుకున్నట్టు అల్లికలో మొహం దాచుకుంది. శ్రీలక్ష్మి నవ్వు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక చేతులు నలుపుకుంది.

బాలనాగమ్మ ఎర్ర ఊలు పుల్లలకు చుట్టి రొంటిన దోపుకుంది. లేచేముందు అరుంధతి వైపు ఒకసారి చూసింది. అందులో కోపం లేదు, బతిమాలడం లేదు. సంగతి తెలిసిన మనిషి నోరు విప్పుతుంది కదా అని చూసే చూపు అంతే. అరుంధతి తన చేతిలో సూదులను చూసుకుంటూ కూర్చుంది. సగం నిండిన బిందెను చంకకెత్తుకుని బాలనాగమ్మ గేటు దాటింది. వెనక్కి తిరిగి గడియ కూడా వేసింది.

ఆ వరండాలో ఒక రివాజు ఉంది. తప్పు పోయినవాళ్ళు తమ అల్లిక తాము విప్పుకోరు. చేసిన పని పాడు చేసుకోవడానికి ఎవరికీ చెయ్యి రాదు, ఎక్కడో ఒక చోట ఇక చాల్లే అని ఆపేస్తారు. అందుకని పక్కవాళ్ళ చేతికిస్తారు. టీచరు వీపు భాగాన్ని అరుంధతి ఒళ్ళోకి తోసి, ఆదివారం గుర్తుకు కట్టిన దారం దాకా విప్పు అంది.

అరుంధతి సూది లాగి, ఒక్కో వరుసా విప్పసాగింది. రాలుతున్న ఊలును శ్రీలక్ష్మి ఉండ చుడుతోంది. చిల్లు దగ్గరికి వచ్చేసరికి అరుంధతి చెయ్యి నెమ్మదించింది. కుట్లను వెలుతురుకు పెట్టి చూసింది. బిగువు టీచరుది. టీచరు చిటికెన వేలికి ఊలు రెండు చుట్లు చుట్టుకుంటుంది, అందుకే ఆమె కుట్లు ఒకదానికొకటి అంటుకుని నిలబడతాయి. ఇక్కడా అలాగే నిలబడ్డాయి. పైన గాని కింద గాని ఒక్క కుట్టు మెలిపడి లేదు. బాలనాగమ్మ చెయ్యి పడి ఉంటే కనీసం ఒక వరుస ముడుచుకుని ఉండాలి. ఇంకో నాలుగు కుట్లు విప్పేసరికి మొత్తం బయటపడింది. టీచరు వరుస మధ్యలో ఎందుకో సూదులు కింద పెట్టి లేచింది. వచ్చి మళ్ళీ పట్టుకున్నప్పుడు, ముందుకు పోవలసినది వెనక్కి తిరిగి అల్లుకుంటూ పోయింది. ఒక పక్క రెండు వరుసలు అట్లా పెరిగాయి. వరుస మధ్యలో లేవవద్దని చెప్పేది అందుకే మరి, ఊలు వేలాడే సూది కుడిచేతికి రావాలన్నది మరిచిపోతే ఇదే జరుగుతుంది. ఆమె నేర్పిన పాఠమే.

ఇది మీ చెయ్యే టీచర్ గారూ అంటే అయిపోయేది. నాలుగు మాటలు. అరుంధతి అనలేదు. టీచరును చూస్తే ఆమెకు భయం, అది ఉన్న మాటే. ఎలా తెలిసింది అని అడిగితే ఎర్ర వరుస సంగతి చెప్పాలి, అదొక సిగ్గు. అంతకంటే పెద్ద భయం ఇంకొకటి. వారానికి ఒక్క మధ్యాహ్నం ఆమెది. అది కూడా పోతే మిగిలిన ఆరు రోజులు ఏడవుతాయి. ఆఖరి వరుస విప్పి, కుట్లన్నీ లెక్కపెట్టి సూదికి ఎక్కించి, అయిపోయింది టీచర్ గారూ అని వీపు భాగాన్ని తిరిగి ఇచ్చింది.

శుక్రవారం కూరగాయల వంకన అరుంధతి అశోక్ నగర్ సందులోంచే వెళ్ళింది. అటు వెళ్ళవలసిన పని లేదు. సందు చివర బోరింగు దగ్గర బాలనాగమ్మ కనిపించింది. ఒంటి చేత్తో పిడి కొడుతూ రెండో చేత్తో బిందె పట్టుకుంటోంది. ఆ బోరింగు నీళ్ళు ఉప్పగా ఉంటాయని బట్టలుతకడానికి తప్ప ఎవరూ పట్టరు. అరుంధతిని చూసి పిడి వదిలి, కొంగుతో చేతులు తుడుచుకుంది.

“అక్కా, నా అల్లిక ఎట్లుంటదో నీకెరుకేగద.”

“ఎరుకే.”

“విప్పింది గూడ నువ్వేనంట. అనిత చెప్పింది. అండ్ల నా చెయ్యి ఉన్నదా?”

“లేదు.”

“మరి టీచరమ్మకు చెప్పక్కా.”

“చెప్త. జర టైం చూసి చెప్త.”

బాలనాగమ్మ తల ఊపింది. ఆ మాట నమ్మింది, నమ్మినట్టే మళ్ళీ పిడి అందుకుంది. అరుంధతి సంచీలో పావుకిలో మిరపకాయలతో ఇంటికి వెళ్ళిపోయింది.

చెప్పడానికి టైము కావలసినంత ఉంది. శనివారం టీచరు ఇంటి ముందు నుంచి వెళ్తూ గేటు మీద చెయ్యి వేసింది కూడా. లోపల టీచరు ఎవరితోనో ఫోనులో గట్టిగా మాట్లాడుతోంది. ఇప్పుడు కాదులే అని చెయ్యి తీసేసింది. ఆదివారం బాలకిషన్‌కు అన్నం వడ్డిస్తూ సంగతంతా చెప్పింది. ఆయన ముద్ద కలుపుతూ విని, పెద్దామెతోని నీకెందుకు, వారం పది రోజులైతే ఆమెనే మరిచిపోతది అన్నాడు. ఆ మాట వినగానే అరుంధతి గుండె తేలికపడింది. తేలికపడినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. సోమ, మంగళ, బుధవారాలు ఆ సందులోకి పోలేదు. ముషీరాబాద్‌లో చుట్టాలింటికి వెళ్ళవలసి వస్తే, దగ్గర దారి మానుకుని పెద్ద రోడ్డు మీద చుట్టూ తిరిగి వెళ్ళింది.

గురువారం వచ్చింది. చెప్పకుండా ఇంకో వారం గడపడం తన వల్ల కాదని అరుంధతికి పొద్దునే తెలిసిపోయింది. ఎలా మొదలుపెట్టాలో నడుస్తూ నడుస్తూ కూర్చుకుంది. ముందు ఎర్ర వరుస సంగతి. తర్వాత చిల్లు సంగతి. టీచరు పొమ్మంటే పోవడమే. టీ కొట్ల దగ్గర పిల్లలు ఏదో లెక్కకు జవాబు కోసం వాదించుకుంటున్నారు. వాళ్ళను దాటి గేటు తీసేసరికి మాటలన్నీ వరుసలో నిలబడ్డాయి. మూడుకు ఇంకా అయిదు నిమిషాలుంది. శ్రీలక్ష్మీ అనితా అప్పటికే వచ్చి కూర్చున్నారు. మెట్లు ఖాళీగా ఉన్నాయి.

అరుంధతి చెప్పులు విప్పి, కూర్చోకుండా, టీచర్ గారూ అంది. కూసో, ముందు నేను చెప్పేది ఉంది అంది టీచరు. బూడిదరంగు వీపు భాగాన్ని చాప మధ్యలో పరిచింది. కిందటి వారం విప్పించుకుని మళ్ళీ అల్లినది. కుడి జడ మళ్ళీ రెండు వరుసలు పైన ఉంది. నడుమ మళ్ళీ చిల్లు.

“శనివారం అల్లుతుంటే ఫోన్ మోగింది. వరుస నడుమనే లేచిన. వచ్చి ఎటు పట్టుకున్ననో ఏమో. సాయంత్రం చూస్తే ఇది. ఇంట్ల నేను తప్ప పురుగు లేదు.”

టీచరు కళ్ళద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకుంది. మంగళవారం కూడా గ్యాసు సిలిండరు వాడు వస్తే అట్లనే లేచానని, అది శనివారం దాకా గుర్తుకే రాలేదని చెప్పింది. చెబుతున్నప్పుడు ఆమె గొంతులో బడి లేదు. అద్దాలు లేని కళ్ళు చిన్నవిగా, అలసటగా ఉన్నాయి. ఆ కళ్ళతోనే అరుంధతిని చూసింది.

“విప్పింది నువ్వు. నీకు అగుపడలేదా?”

అరుంధతి దగ్గర వరుసలో నిలబెట్టిన మాటలన్నీ ఉన్నాయి. వాటిలో ఒక్కటీ ఇప్పుడు పనికిరాదు.

“అగుపడింది” అంది.

టీచరు కసురుకోలేదు. కసురుకుని ఉంటే అరుంధతికి ఎంతో హాయిగా ఉండేది. చివరికి టీచరు చాప మీద చెయ్యి ఆనించి లేచి, చెప్పులు వేసుకుని, పదండి అందరూ అంది.

ఆ సందులో ఇరవై ఏళ్ళుగా ఉంటున్నా, పక్క ప్లాటులోకి టీచరు అడుగుపెట్టడం అదే మొదలు. కంకర కుప్ప మీదుగా అనిత ఆమె చెయ్యి పట్టుకుని నడిపించింది. దాసయ్య షెడ్డు ముందర ఇద్దరు మేస్త్రీలతో కూర్చుని టీ తాగుతున్నవాడు గబుక్కున లేచి నిలబడ్డాడు. కింది అంతస్తు గోడలకు పైపుతో నీళ్ళు కొడుతున్న బాలనాగమ్మ వీళ్ళను చూసింది గాని పైపు ఆపలేదు. నీళ్ళు గోడ మీద నుంచి జారి టీచరు కాళ్ళ దాకా వచ్చాయి. టీచరు పక్కకు జరగలేదు.

“బాలనాగమ్మా. ఆ తప్పు నాదే. నువ్వు చెయ్యి పెట్టలేదు. అబద్ధం గూడ ఆడలేదు. నిన్ను ఊరికనే అన్న.”

దాసయ్య, మేస్త్రీలు, శ్రీలక్ష్మి, అనిత అందరూ విన్నారు. బాలనాగమ్మ పైపు మూతి మీద బొటనవేలు అదిమి పెట్టింది. నీళ్ళు సన్నబడ్డాయి.

“ఎన్నడెరుకైంది టీచరమ్మా?”

“శనివారం.”

“గురువారం దాక ఆగిండ్రు.”

“నలుగురిట్ల అన్న. నలుగురిట్లనే చెప్పాలె అనుకున్న” అంది టీచరు. “నల్లా ఇంకొక గంట వస్తది. బిందె తెచ్చుకో. అల్లిక గూడ తెచ్చుకో.”

బాలనాగమ్మ పైపు మూతి మీద నుంచి వేలు తీసింది. ఆ మాటలో ఆమెకు న్యాయం కనిపించినట్టుంది. సరే అంది. టీచరు తల ఆడించి వెనక్కి తిరిగింది. మిగతా ఇద్దరూ ఆమె వెంట నడిచారు. దాసయ్య పోయి మోటారు ఆపాడు.

అరుంధతి ఆగిపోయింది. బాలనాగమ్మ పైపును మోచేతికీ అరచేతికీ మధ్య చుట్లుగా చుట్టుకుంటోంది. తడి చీర కుచ్చిళ్ళు కాళ్ళకు అంటుకుని ఉన్నాయి. ఏం చెప్పాలన్నా ఈమెకు ఇప్పుడు సాకులాగే వినిపిస్తుందని అరుంధతికి తెలుసు. తెలిసీ చెప్పింది.

“ఇయ్యాల చెప్దామనే వచ్చిన. ఒట్టు. నోరు తెరిచేసరికి టీచర్ గారే చెప్పిండ్రు.”

బాలనాగమ్మ పైపు చుట్టడం ఆపలేదు. ఆఖరి చుట్టు తిప్పి, చుట్టంతా గోడ పక్కన పడేసి, చేతులు విదిలించుకుంది. ఆమె మొహంలో కోపం కోసం అరుంధతి వెతికింది. కోపం ఉంటే తీర్చవచ్చు.

“టీచరమ్మ తెల్వక అన్నది. మీరు తెలిసి ఊకున్నరు” అంది.

అని షెడ్డులోకి బిందె కోసం వెళ్ళింది. మేస్త్రీలు టీ గ్లాసులు కడిగి బోర్లించి పనిలోకి దిగారు. అరుంధతి కంకర మీద నుంచి ఒక్కతే నడుచుకుంటూ వచ్చింది. రాళ్ళు చెప్పుల కింద జారుతుంటే ఒకసారి గోడ పట్టుకోవలసి వచ్చింది. గోడ ఇంకా తడిగా ఉంది.

బాలనాగమ్మ వచ్చింది. నల్లా కింద బిందె పెట్టి మెట్ల దగ్గరికి నడిచింది. టీచరు చాప మీద తన పక్కన జాగా చేసి, ఇట్ల కూసో అంది. బాలనాగమ్మ వెళ్ళి కూర్చుంది. టీచరు బూడిదరంగు వీపు భాగాన్ని శ్రీలక్ష్మికి విప్పడానికి ఇచ్చి, నీ చెయ్యి ఎట్ల తిరుగుతదో చూపెట్టు అని బాలనాగమ్మను అడిగింది. ఎర్ర ఊలు మీద ఆ ఎదురు తిప్పు చూసి, అద్దాలు సవరించుకుని మళ్ళీ చూసింది. ముప్ఫై రెండేళ్ళలో ఇట్లాంటి చెయ్యి చూడలేదని, దీన్ని మార్చుకోవద్దని చెప్పింది. జడ తిప్పడం నేర్పాలంటే ముందు తానే తిరగేసి నేర్చుకోవాలని కూడా అంది. అనిత నవ్వింది. శ్రీలక్ష్మి సరేసరి. వరండా అంతా ఎప్పటిలాగే ఉంది.

నాలుగు గంటలకు టీ పెట్టడం ఆ వారం అరుంధతి వంతు. లోపలికి వెళ్ళి, అల్లం దంచి వేసి, అయిదు గ్లాసుల్లో పోసింది. ముందు టీచరుకు ఇచ్చి, తర్వాత గ్లాసు బాలనాగమ్మ ముందుకు చాపింది. బాలనాగమ్మ రెండు చేతులూ సూదుల మీద ఉన్నాయి. తల ఎత్తి, మర్యాదగా, కొత్తగా పరిచయమైన ఇంటావిడతో మాట్లాడినట్టు చెప్పింది.

“ఆడ పెట్టుండ్రి మేడం. వరుస అయినంక తాగుత.”

అరుంధతి గ్లాసు చాప అంచున పెట్టింది. చెయ్యి తగిలి ఒలికిపోకుండా కాస్త పక్కకు జరిపి, తన చోటుకు వెళ్ళి కూర్చుంది.